రెండు మంచి ముడిచమురులు కలిస్తే మడ్డి ఎందుకు పేరుకుంటుంది?

 

పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు ధరల గురించి ప్రతి ఇంట్లోనూ మాట్లాడుకుంటాము. అవి తయారయ్యే రిఫైనరీలో ఏమి జరుగుతుందో మాత్రం చాలామందికి తెలియదు. మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ప్రాంతాలలో కొన్నిటికి దగ్గరలో రిఫైనరీలు ఉన్నాయి. చెన్నైలో మణలి, కర్ణాటకలో మంగళూరు, ఒడిశాలో పారాదీప్, ముంబైలో మాహుల్ ఇందుకు ఉదాహరణలు. యానాం నుండి గోదావరి పాయ దాటితే కోనసీమలోని తాటిపాకలో ఓ.ఎన్.జి.సి. వారి చిన్న రిఫైనరీ ఉన్నది. అందుచేత ఈ పాఠం మన పిల్లలకు దూరపు విషయం కాదు.

నేను కామర్స్ చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. ఇంజనీరును కాను. అయినా ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి ఒక కారణం ఉన్నది. ఇందులోని ముఖ్యమైన లెక్క పదో తరగతి సరాసరి లెక్కే. దానిని సరిగా వేస్తే కోట్ల రూపాయల ఇంధనం మిగులుతుంది, కార్మికులకు ప్రమాదకరమైన పని తగ్గుతుంది. సైన్సు విద్యార్థులు రసాయన శాస్త్రం వైపు నుండి, కామర్సు విద్యార్థులు లెక్కల వైపు నుండి దీనిని చదువుకోవచ్చు.

ముడిచమురు ఒకే సరుకు కాదు

బియ్యంలో రకాలున్నట్లే ముడిచమురులోనూ ఎన్నో రకాలు ఉన్నాయి. నీళ్ళలా పల్చగా ఉండేదాన్ని తేలిక చమురు అని, చిక్కగా నల్లగా ఉండేదాన్ని బరువు చమురు అని అంటారు. గంధకం తక్కువైతే స్వీట్ క్రూడ్, ఎక్కువైతే సోర్ క్రూడ్. సాధారణంగా బరువైన, గంధకం ఎక్కువైన చమురు కొంచెం చవకగా దొరుకుతుంది.

మన దేశం తనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా దిగుమతి చేసుకుంటోంది. ఇరాక్, సౌదీ అరేబియా, యు.ఎ.ఇ., ఆఫ్రికా దేశాలు, అమెరికా ఇలా ఎన్నో చోట్ల నుండి ఓడలు వస్తాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత రష్యా చమురు తగ్గింపు ధరకు రావడంతో దాని వాటా ఒక్కసారిగా పెరిగింది. అందులో ముఖ్యమైన యూరల్స్ అనే రకం కూడా ఒక మిశ్రమమే. వోల్గా-యూరల్ ప్రాంతపు బరువైన సోర్ చమురును, పశ్చిమ సైబీరియా తేలిక చమురుతో కలిపి దానిని తయారు చేస్తారు.

రిఫైనరీని ఒక ప్రత్యేకమైన సరుకుకు తగినట్లుగా నిర్మిస్తారు. ఆ సరుకుకు సరిపోయే చమురు ఎప్పుడూ ఒకే చోట, ఒకే ధరకు దొరకదు. అందుకని చవకైన బరువు చమురును, ఖరీదైన తేలిక చమురును తగు పాళ్ళలో కలిపి సరాసరిన తమకు కావలసిన గుణం వచ్చేటట్లు చూసుకుంటారు. దీనినే బ్లెండింగ్ అంటారు. సాంద్రత, గంధకం శాతం వంటివి కలిపిన పాళ్ళను బట్టి ఇంచుమించు సరాసరిగానే వస్తాయి. మడ్డి మాత్రం ఆ విధంగా సరాసరికి లొంగదు. ఈ పాఠంలో మనం గ్రహించవలసిన ముఖ్య విషయం ఇదే.

మడ్డి ఎక్కడ పేరుకుంటుంది?

రిఫైనరీలో మొదటి పని ముడిచమురును వేడి చేయడం. సుమారు 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ట్యాంకు నుండి వచ్చిన చమురును దాదాపు 350 డిగ్రీలకు పైగా వేడి చేసి, డిస్టిలేషన్ టవరులోకి పంపి, పెట్రోలు, కిరోసిన్, డీజిలు మొదలైన భాగాలుగా విడదీస్తారు. ఇంత వేడినీ కొలిమిలో ఇంధనం కాల్చి ఇవ్వాలంటే ఖర్చు ఎక్కువ. కనుక టవరు నుండి వేడిగా బయటికి వచ్చే పదార్థాల వేడిని, లోపలికి వెళ్ళే చల్లని ముడిచమురుకు అందిస్తారు. ఈ పని చేసే పరికరమే హీట్ ఎక్స్ఛేంజర్. ఒక పెద్ద గొట్టంలో వందల సన్నని గొట్టాలు ఉంటాయి. ఒక వైపు వేడి ద్రవం, మరొక వైపు చల్లని ద్రవం ప్రవహిస్తాయి. అవి రెండూ కలవవు, వేడి మాత్రమే గొట్టం గోడ గుండా దాటుతుంది. ఇటువంటి ఎక్స్ఛేంజర్లు వరుసగా ఎన్నో ఉంటాయి. ఆ వరుసను ప్రీహీట్ ట్రెయిన్ అంటారు. దాని మధ్యలో చమురులోని ఉప్పును, నీటిని తొలగించే డీసాల్టర్ ఉంటుంది. వరుస చివర కొలిమి ఉంటుంది.

ఇంట్లో గీజరు కాయిలుకు ఉప్పునీళ్ళ వలన తెల్లటి గార పట్టడం మీరు చూసే ఉంటారు. గార పట్టిన గీజరులో నీళ్ళు కాగడానికి ఎక్కువ సేపు పడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాలకు నల్లని మడ్డి పట్టినా అదే జరుగుతుంది. దీనినే ఫౌలింగ్ అంటారు. ఉక్కుతో పోలిస్తే ఈ మడ్డి వేడిని పదుల రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. కనుక పలుచని పొర అయినా మందపాటి గోడలా అడ్డుపడుతుంది. పైగా గొట్టం ఇరుకై పంపు మీద భారం పెరుగుతుంది.

పాలు విరిగినట్లు విరుగుతుంది

మడ్డికి కారణాలు అనేకం. బ్లెండింగుతో నేరుగా సంబంధం ఉన్న ముఖ్య కారణం ఆస్ఫాల్టీన్లు అనే పదార్థం.

ముడిచమురులో అన్నిటికంటే బరువైన, సంక్లిష్టమైన అణువులు ఇవి. టోలుయీన్ అనే ద్రావణిలో ఇవి కరుగుతాయి, హెప్టేన్‌లో కరగవు. ఆస్ఫాల్టీన్లను రసాయన శాస్త్రంలో ఈ లక్షణంతోనే నిర్వచిస్తారు. ముడిచమురులో ఇవి రెజిన్లు, ఆరోమాటిక్ పదార్థాల సహాయంతో విడివిడిగా తేలుతూ ఉంటాయి. అలా ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు ఆ బరువు చమురులో పారఫిన్లు ఎక్కువగా ఉన్న తేలిక చమురును కలిపామనుకుందాం. పారఫిన్లు హెప్టేన్ జాతికి చెందినవి, వాటికి ఆస్ఫాల్టీన్లను కరిగి ఉంచే శక్తి తక్కువ. వాటి పాలు పెరిగిన కొద్దీ ఆస్ఫాల్టీన్లకు పట్టు తగ్గుతుంది. ఒక హద్దు దాటగానే అవి ఒకదానికొకటి అతుక్కొని ముద్దలై బయట పడతాయి. పాలు మంచివే, నిమ్మరసమూ మంచిదే, కలిస్తే పాలు విరుగుతాయి. పాలు విరగడానికి కారణం పులుపు, ఇక్కడ కారణం ద్రావణి బలహీనపడటం. కారణాలు వేరైనా, విడిగా మంచివైన రెండు పదార్థాలు కలిసినప్పుడు విరగడం మాత్రం సమానం.

విరిగిన ఆస్ఫాల్టీన్లు నాలుగు చోట్ల ఇబ్బంది పెడతాయి. ట్యాంకు అడుగున మడ్డిగా దిగుతాయి. డీసాల్టరులో నీరు, నూనె విడిపోకుండా అడ్డుపడతాయి. ఎక్స్ఛేంజర్ గొట్టాలకు అంటుకుంటాయి. కొలిమి గొట్టాల్లో మాడి కోక్ అవుతాయి.

రెండు సంఖ్యల లెక్క

ఏ రెండు చమురులు పొసగుతాయో ముందుగా చెప్పగలమా? అమెరికాలో ఎక్సాన్ సంస్థ పరిశోధకులు ఇర్విన్ వీహీ, రేమండ్ కెనెడీ ఇందుకు ఒక పద్ధతి రూపొందించి, 2000 సంవత్సరంలో ఎనర్జీ అండ్ ఫ్యూయల్స్ అనే శాస్త్ర పత్రికలో ప్రకటించారు. వారు ఒక కొలబద్ద తీసుకున్నారు. ఆ కొలబద్ద మీద హెప్టేన్‌కు 0, టోలుయీన్‌కు 100. ప్రతి ముడిచమురుకూ రెండు సంఖ్యలు ఉంటాయి.

ఒకటి, సాల్యుబిలిటీ బ్లెండింగ్ నంబరు. ఆ చమురుకు ఆస్ఫాల్టీన్లను కరిగి ఉంచే శక్తి ఎంత ఉన్నదో ఇది చెబుతుంది. దీనిని మనం ఉన్న శక్తి అందాం.

రెండు, ఇన్‌సాల్యుబిలిటీ నంబరు. ఆ చమురులోని ఆస్ఫాల్టీన్లు విరగకుండా ఉండడానికి కనీసం ఎంత శక్తి అవసరమో ఇది చెబుతుంది. దీనిని కావలసిన శక్తి అందాం.

బ్యాంకు భాషలో చెప్పాలంటే మొదటిది ఖాతాలో ఉన్న నిల్వ, రెండవది మినిమమ్ బ్యాలెన్స్. నిల్వ కనీసపు మొత్తం కంటే ఎక్కువ ఉన్నంతకాలం ఖాతా సవ్యంగా నడుస్తుంది.

రెండు చమురులు కలిపినప్పుడు నియమాలు ఇవి:

1. మిశ్రమంలో ఉన్న శక్తి, కలిపిన పరిమాణాలను బట్టి వేసిన సరాసరి.

2. మిశ్రమానికి కావలసిన శక్తి సరాసరి కాదు. కలిపిన చమురులలో దేనికి ఎక్కువ కావాలో ఆ సంఖ్యనే తీసుకోవాలి.

3. మొదటిది రెండవదాని కంటే ఎక్కువగా ఉంటే మిశ్రమం పొసగుతుంది. తక్కువైతే విరుగుతుంది.

రెండవ నియమాన్ని శ్రద్ధగా గమనించండి. ఒక సంఖ్య సరాసరి అవుతుంది, రెండవది కాదు. బరువు చమురు తన ఆస్ఫాల్టీన్లను మిశ్రమంలోకి తీసుకువస్తుంది. వాటి పరిమాణం కొద్దిగానే ఉన్నా వాటికి కావలసిన శక్తి తగ్గదు.

ఆ పరిశోధకులు చూపిన ఉదాహరణే చేసి చూద్దాం. సిరియా దేశపు సూయెదీ చమురుకు ఉన్న శక్తి 63, కావలసిన శక్తి 39. ఉత్తర సముద్రపు ఫోర్టీస్ చమురుకు ఉన్న శక్తి 27, కావలసినది 11. విడివిడిగా రెండూ మంచివే. 39 కంటే 63 ఎక్కువ, 11 కంటే 27 ఎక్కువ.

ఇప్పుడు రెంటినీ చెరి సగం కలుపుదాం. ఉన్న శక్తి 63, 27ల సరాసరి, అంటే 45. కావలసినది పెద్ద సంఖ్య 39. మిశ్రమం పొసగుతుంది.

ఫోర్టీస్ 60 పాళ్ళు, సూయెదీ 40 పాళ్ళు అయితే ఉన్న శక్తి 41.4. ఇంకా పరవాలేదు.

ఫోర్టీస్ 70 పాళ్ళు, సూయెదీ 30 పాళ్ళు అయితే ఉన్న శక్తి 37.8. ఇది 39 కంటే తక్కువ. ఆస్ఫాల్టీన్లు విరుగుతాయి.

హద్దు ఎక్కడ అని లెక్కిస్తే ఫోర్టీస్ సుమారు 67 పాళ్ళ వద్ద తేలుతుంది. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. మడ్డి తెచ్చేది నల్లటి బరువు చమురు కనుక దానిని తగ్గిస్తే మడ్డి తగ్గుతుందని సామాన్యంగా అనుకుంటాము. ఈ ఉదాహరణలో తేలిక చమురు పాలు పెరగడం వల్లనే మడ్డి వచ్చింది.

ఏది ముందు, ఏది వెనుక?

పాళ్ళు సరిగా ఉంటే చాలదు, కలిపే వరుస కూడా ముఖ్యం. పై రెంటినీ చెరి సగం కలపాలనుకుందాం. చివరికి వచ్చే 45 క్షేమమైన సంఖ్యే. ట్యాంకులో ముందు సూయెదీ పోసి అందులోకి ఫోర్టీస్ పంపితే ఉన్న శక్తి 63 నుండి మెల్లగా దిగి 45 దగ్గర ఆగుతుంది. ఎక్కడా 39 కంటే కిందికి పోదు.

అదే ముందు ఫోర్టీస్ పోసి అందులోకి సూయెదీని పంపితే? పదో వంతు సూయెదీ చేరేసరికి ఉన్న శక్తి 30.6 మాత్రమే. అప్పుడే ఆస్ఫాల్టీన్లు విరగడం మొదలవుతుంది. చివరికి లెక్క 45కు చేరినా, ఒకసారి ముద్ద కట్టినవి తిరిగి కరగడానికి చాలా కాలం పట్టవచ్చు. అంతవరకు రిఫైనరీ ఆగదు కనుక ఆ ముద్దలు ఎక్స్ఛేంజర్లలోకే పోతాయి. అందుచేత కరిగించే శక్తి ఎక్కువ ఉన్న చమురును ముందు తీసుకొని, తక్కువ ఉన్నదానిని తరువాత చేర్చాలి.

హద్దుకు మరీ దగ్గరగా ఉన్న మిశ్రమం కూడా మంచిది కాదు. వేడిలో గొట్టం గోడ దగ్గర పరిస్థితులు మారుతాయి. అందుకే ఇంజనీర్లు కొంత వెసులుబాటు ఉంచుకుంటారు.

మరొక జాగ్రత్త. చమురు పేరు చూసి పాత సంఖ్యలనే వాడకూడదు. ఫోర్టీస్ పేరుతో అమ్మే చమురులో 2007 నుండి బజార్డ్ అనే కొత్త క్షేత్రపు చమురు కలవడంతో దాని గుణమే మారింది. పైన ఇచ్చిన సంఖ్యలు ఆనాటి నమూనాలవి. సరుకు వచ్చిన ప్రతిసారీ పరీక్షించుకోవలసిందే. చమురులో హెప్టేన్‌ను కొద్దికొద్దిగా చేర్చి, ఆస్ఫాల్టీన్లు ఎప్పుడు విరుగుతాయో మైక్రోస్కోపులో చూడడం ఒక పద్ధతి. ఫిల్టర్ కాగితం మీద చుక్క వేసి, మచ్చ మధ్యలో నల్లని వలయం ఏర్పడిందా అని చూడడం మరొక పద్ధతి.

మడ్డి ఖరీదు ఎంత?

కామర్సు విద్యార్థులకు ఒక లెక్క. మడ్డి వల్ల, కొలిమిలోకి వెళ్ళే చమురు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిందనుకుందాం. ఆ లోటును కొలిమిలో ఇంధనం కాల్చి పూడ్చాలి.

ఒక కిలో చమురును ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 2.5 కిలోజౌళ్ళు కావాలి. ఒక టన్నుకు 10 డిగ్రీలంటే 25,000 కిలోజౌళ్ళు. ఒక కిలో ఇంధనం సుమారు 40,000 కిలోజౌళ్ళు ఇస్తుంది. కొలిమి సామర్థ్యం నూటికి 90 అనుకుంటే చమురుకు అందేది 36,000. అంటే టన్ను ముడిచమురుకు అదనంగా సుమారు 0.69 కిలోల ఇంధనం.

ఇది చాలా చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. కాని మణలి రిఫైనరీ సామర్థ్యం సాలుకు 1 కోటి 5 లక్షల టన్నులు. మంగళూరు, పారాదీప్ ఒక్కొక్కటి 1 కోటి 50 లక్షల టన్నులు. సాలుకు ఒక కోటి టన్నుల లెక్కన చూసినా అదనపు ఇంధనం సుమారు 6,900 టన్నులు. టన్ను 40,000 రూపాయలు అనుకుంటే 27 కోట్ల 60 లక్షల రూపాయలు. ఇదంతా పది డిగ్రీలకే. ఆ ఇంధనపు పొగ చుట్టుపక్కల గాలిలోకే పోతుంది. కొలిమికి శక్తి చాలకపోతే ఉత్పత్తి తగ్గించుకోవాలి, ఆ నష్టం ఇంకా ఎక్కువ.

కాబట్టి పీపాకు ఎంత తగ్గింపు వచ్చిందన్నది కొనుగోలు ఖాతాలో ఒక పద్దు మాత్రమే. అదనపు ఇంధనం, శుభ్రం చేసే ఖర్చు, తగ్గిన ఉత్పత్తి, ఇవన్నీ వేరే పద్దులలో పడతాయి. అన్నీ ఒకచోట చేర్చి చూస్తేనే ఆ చమురు నిజంగా చవకో కాదో తెలుస్తుంది.

మనుషుల లెక్క కూడా ఉన్నది. మడ్డి పట్టిన ఎక్స్ఛేంజరును విప్పి, గొట్టాల కట్టను బయటికి లాగి, మిక్కిలి ఒత్తిడి గల నీటి ధారతో కడుగుతారు. ఆ నీటి ధార చర్మాన్ని చీల్చగలదు. మడ్డిలో ఐరన్ సల్ఫైడ్ ఉంటే, పొడిగా గాలి తగిలినప్పుడు తనంతట తానే అంటుకుంటుంది. అందుకే దానిని తడిపి ఉంచుతారు. ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కూడా ఉండవచ్చు. చాలాచోట్ల ఈ పని చేసేవారు కాంట్రాక్టు కార్మికులు. బ్లెండింగు లెక్క సరిగా వేసిన ప్రతిసారీ వారు ఈ ప్రమాదంలోకి వెళ్ళవలసిన అవసరం తగ్గుతుంది.

ఇతర కారణాలు

మడ్డి అంతా ఆస్ఫాల్టీన్లదే కాదు. డీసాల్టర్ సరిగా పనిచేయకపోతే ఉప్పు, మట్టి రేణువులు వస్తాయి. చమురులోని ఆమ్లాలు, గంధకం ఇనుమును తినడం వలన ఐరన్ సల్ఫైడ్ ఏర్పడుతుంది. మైనం ఎక్కువ ఉన్న చమురు చల్లదనానికి గడ్డకడుతుంది. మన బాంబే హై చమురులో మైనం పాలు ఎక్కువే. ఎక్స్ఛేంజర్లలో ప్రవాహ వేగం తక్కువగా ఉంటే మడ్డి తేలికగా అంటుకుంటుంది. కనుక మడ్డి కనిపించినప్పుడు నమూనాను పరీక్షించి, ఏ కారణమో తెలుసుకున్న తరువాతే వైద్యం చేయాలి.

ఏ చదువులు పనికి వస్తాయి?

కెమికల్ ఇంజనీరింగ్, పెట్రోలియం ఇంజనీరింగ్ చదివినవారికి ఈ రంగం నేరుగా సరిపోతుంది. ముంబైలోని ఐ.సి.టి., మంగళూరు వద్ద సురత్కల్ ఎన్.ఐ.టి., చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయపు ఏ.సి. టెక్ కళాశాల, 2016లో విశాఖపట్నంలో స్థాపించిన పెట్రోలియం, ఎనర్జీ సంస్థ ఐ.ఐ.పి.ఇ. ఇందుకు పేరున్నవి. బి.ఎస్సి. కెమిస్ట్రీ చదివినవారు పరీక్షశాలల వైపు వెళ్ళవచ్చు. ఐ.టి.ఐ.లో అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్, లేబొరేటరీ అసిస్టెంట్ కెమికల్ ప్లాంట్ అనే ట్రేడులు ఉన్నాయి. ఎక్కువ ఖర్చు పెట్టలేని తల్లిదండ్రులు వీటి గురించి విచారించడం మంచిది. కామర్సు పిల్లలు కాస్ట్ అకౌంటెన్సీ చదివితే, ఏ చమురు కొనాలన్న నిర్ణయంలో వారి లెక్కకు విలువ ఉంటుంది.

పిల్లలు ఏ గ్రూపు తీసుకున్నా సరాసరి, శాతం, నిష్పత్తి అనే మూడింటిని గట్టిగా నేర్చుకునేటట్లు చూడవలసిందిగా తల్లిదండ్రులకు నా మనవి.

అభ్యాసం

అ చమురుకు ఉన్న శక్తి 80, కావలసినది 45. ఆ చమురుకు ఉన్న శక్తి 30, కావలసినది 10. ఈ సంఖ్యలు అభ్యాసం కొరకు ఊహించినవి.

1. ఆ చమురు 60 పాళ్ళు ఉంటే మిశ్రమం పొసగుతుందా?
2. ఆ చమురు 80 పాళ్ళు ఉంటే?
3. ఆ చమురు పాలు ఎంతవరకు పెంచవచ్చు?
4. ట్యాంకులో ముందు ఏది ఉండాలి?

జవాబులు: 1. ఉన్న శక్తి 50, 45 కంటే ఎక్కువ, పొసగుతుంది. 2. ఉన్న శక్తి 40, విరుగుతుంది. 3. 70 పాళ్ళ వద్ద సరిగ్గా 45కు చేరుతుంది, కనుక అంతకంటే తక్కువగానే ఉంచాలి. 4. అ చమురు ముందు ఉండాలి, దానికి కరిగించే శక్తి ఎక్కువ.